గొఱ్ఱెల చిటుక రోగము
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో రెండవనాటి సాయంకాలమున చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ పండుగనాడు నేను భారతమును గూర్చి మాటాడుదునని కార్యదర్శిగారు తలచియుండిరి. చలికాలపు రాత్రులందు ఈ హాలులో విరాటపర్వము చదివి అర్థము చెప్పుచుండువాడను కనుక వారట్లు తలచుటలో తప్పు లేదు. గొఱ్ఱెల చిటుక రోగమును గూర్చి మాటాడెదనని నేననగా, "రజతోత్సవానికి గొర్రెల రోగమా, సామీ?" అని నవ్విరి. నవ్వవచ్చును. కాని నేను విరాటపర్వమును విడిచి దూరము పోవుట లేదు. అజ్ఞాతవాసమునకు పాండవులు వేషములు ఎంచుకొన్నప్పుడు సహదేవుడు కోరుకొన్న పని యేది? విరాటుని మందలకు లెక్క చూచుట. సంస్కృత భారతమున ఆ పనివానికి గోసంఖ్యాత యని పేరు. ఆవులను లెక్కించుటయే కాక, వానికి రోగము రాకుండ కాచుటయు తనకు తెలియునని ఆయన చెప్పుకొనెను. పాండుకుమారుడంతవాడు మంద లెక్క చేతబట్టగా, పల్లెటూరి లెక్కలు వ్రాయు నాబోటివాడు గొఱ్ఱెల మాట యెత్తుట చిన్నతనము కాదు.

మా తండ్రిగారు ఈ యూరి కరణములు. 1984లో ఆ పదవులు రద్దయినవి. తరువాత ఉద్యోగముల పేరులు మాఱినవి గాని లెక్కలు మాఱలేదు; నేనును వానినే వ్రాయుచున్నాను. పశుగణన వచ్చినప్పుడు ఇల్లిల్లును తిరిగి మందలు వ్రాసికొనువారికి తోడు పోయినవాడను. 2019 నాటి ఇరువదవ పశుగణనలో మన రాష్ట్రమున గొఱ్ఱెలు ఇంచుమించు కోటి డెబ్బదియాఱు లక్షలని తేలినది. గొప్ప సంఖ్యయే. కాని ఆ పట్టికలో బ్రతికియున్న జీవమునకే గడి కలదు. వానకు ముందున్నది వాన తరువాత ఏమైనదని అడుగు గడి లేదు. నేను చెప్పబోవునది ఆ లేని గడిని గూర్చి.

మన కర్నూలు, కడప సీమలలో ఆ రోగము వచ్చు తీరు మీకు నేను చెప్పనక్కఱలేదు. అయినను పట్టణములనుండి విచ్చేసిన పెద్దల కొఱకు చెప్పుదును. కృత్తిక కార్తెలో నేల పెనమువలె కాలుచుండును. జీవాలు తుమ్మకాయలు, ఎండుటాకులు, జొన్నకొయ్యలు ఏరుకొని ప్రాణము నిలుపుకొనును. మృగశిరలో ఒక మంచి వాన పడును. పది పదునైదు దినములలో ఎఱ్ఱమలల పాదమునను, పాలకొండల వాలులందును, వంకల యొడ్డునను, బీళ్లలోను పచ్చిక లేచును. కాపరి కన్ను చల్లబడును. మూడు నెలలు ఆకలిగొన్న మంద ఆవురావురుమని మేయును. నాలుగవనాడో ఐదవనాడో తెల్లవారి దొడ్డి తడిక తీయగా, అన్నిటికంటె బలిసిన పొట్టేలు కాళ్లు చాచి పడియుండును. మఱియొకటి మనము చూచుచుండగనే ఎగిరిపడి, మెడ వెనుకకు విఱిచి, పండ్లు కొఱికి, నురుగు గ్రక్కి, కాళ్లు తన్నుకొని ప్రాణము విడుచును. చిటుక వేయునంతలో పోవును గనుక దీనికి చిటుక యని పేరు. బక్కచిక్కిన దానిని సాధారణముగా ముట్టదు. పాలు సమృద్ధిగా నున్న తల్లికి ఒంటిగా పుట్టి, నిండుగా త్రాగి పెరిగిన పిల్లను పట్టును. దేనిని చూచి కాపరి మురియునో దానినే కొనిపోవును.

ఇందులకు మన పెద్దలు పలు కారణములు చెప్పిరి. గాలి సోకినదనిరి, గంగమ్మకు మ్రొక్కు తప్పినదనిరి. చెవి కోసి నెత్తురు తీసిరి. కాల్చిన ఇనుముతో వాతలు పెట్టిరి. చదువుకొన్నవారము కొందఱము నవ్వి, పచ్చికలో విషపు మొక్క యేదో మొలచునని చెప్పితిమి. ఆ చెప్పినవారిలో నేను మొదటివాడను. ఆ సంగతియే ముందు ఒప్పుకొనవలెను.

పదునాఱేండ్ల క్రిందటి మాట. గొఱ్ఱెలకు టీకా వేయుటకు ఫలానా దినమున వచ్చెదమని వైశాఖమాసమున కబురు వచ్చినది. ఊర చాటింపు వేయించి మందలను చెఱువు కట్ట క్రిందికి రప్పించు పూచీ నాది. ఆ వారమే మన తిరునాళ్ల. జనము కుదరదు, రెండు వారములు దాటనిండని నేను మాఱు కబురు పంపితిని. కురువ పెద్ద యొకాయన నా యింటికి వచ్చి, "సామీ, ఈతూరి వానలు ముందే వచ్చేట్టుండాయి. సూది ఏపిద్దామా?" అని అడిగెను. నేను పుస్తకము మూయకయే, "పెద్దాయనా, అది గడ్డిలో ఉండే విషం. సూది గడ్డికేం చేస్తుంది?" అంటిని. ఆయన మాఱు మాటాడక పోయెను.

ఆ యేడు రోహిణిలోనే వాన పడినది. టీకా వేయువారు నేను కోరిన దినముననే వచ్చి, ఒప్పుకొన్నట్లే వేసి పోయిరి. అప్పటికే బీళ్లు పచ్చబడియున్నవి. సూది వేసిన వారము లోపల ఆ పెద్దాయన మందలో అఱువది జీవాలకు పదునొకండు పోయినవి. కూతురి పెండ్లికని పెట్టుకొన్న పొట్టేళ్లు నాలుగు అందులోనివే. సూది వేసినందుననే చచ్చినవని ఊరంతయు అన్నది. మఱుసటి యేడు చాటింపు వేయగా చెఱువు కట్ట క్రిందికి మూడు మందలు మాత్రమే వచ్చినవి. సూది చంపునను మాట నేటికిని మన యూరిలో కొందఱి నోట నున్నది. అది నిజమా కాదా యని తేల్చుకొనుటకు నాకు మూడేండ్లు పట్టినది. పశువైద్యుని యొద్దనుండి పాత పాఠ్యగ్రంథములు ఎరువు తెచ్చుకొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, తిక్కన పద్యమునకు అన్వయము వెదకినట్లే ఒక్కొక్క వాక్యమునకు అన్వయము వెదకికొంటిని. తెలిసికొన్నది చెప్పెదను.

ఈ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని 1892లో అమెరికాదేశమున బాల్టిమోరు నగరమునందు వెల్షు, నట్టాలు అను ఇద్దఱు వైద్యశాస్త్రజ్ఞులు వర్ణించిరి. వారు దానిని కనుగొన్నది గొఱ్ఱెలో కాదు, మరణించిన ఒక మనుష్యుని శవములో. అది గాలి తగులని చోట పెరుగును. కాలము అనుకూలింపనప్పుడు గట్టి పెంకు గల బీజముగా మాఱి మంటిలో ఏండ్లతరబడి పడియుండును. మంటిలో నుండును గనుక మేతతో పాటు కడుపులోనికి పోవును; కడుపులోనికి పోవును గనుక ఆరోగ్యముగా నున్న గొఱ్ఱె ప్రేగులలోను కొలదిగా కాపురముండును. ఈ మాట చదివిననాడు నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. శత్రువు ఎక్కడినుండియో రాలేదు. వేసవి యంతయు ఆ పొట్టేలు కడుపులోనే యుండెను.

ఒకే రూపున నున్నను ఈ సూక్ష్మజీవులన్నియు ఒకే విషమును పుట్టింపవు. 1931లో ఇంగ్లండున విల్స్‌డన్ అను శాస్త్రజ్ఞుడు, అవి పుట్టించు విషములను బట్టి వానిని ఏ, బీ, సీ, డీ యని నాలుగు తెగలుగా విడదీసెను. తరువాతివారు మఱికొన్ని తెగలు చేర్చిరి. మన మందలను చంపునది డీ తెగ. దాని ముఖ్యమైన విషమునకు ఎప్సిలాన్ అని గ్రీకు అక్షరము పేరు పెట్టిరి.

ఆస్ట్రేలియాఖండపు పడమటి భాగము గొఱ్ఱెల దేశము. ఏడాదిలో కొన్ని నెలలే అచట వానలు కురియును. ఎండిన నేల వాన తరువాత ఒక్కమాఱుగా పచ్చబడును. అక్కడి కాపరులును మనవలెనే బలిసిన జీవాలు తెల్లవారుసరికి చచ్చిపడియుండుట చూచి దిగులుపడుచుండిరి. అది మఱియొక గొఱ్ఱెల రోగమని చాలకాలము భ్రమపడిరి. 1932లో బెన్నెట్సు అను పశువైద్య శాస్త్రజ్ఞుడు ఇది ప్రేగులలో పుట్టిన విషము రక్తమున కెక్కుటచే కలుగు రోగమని నిరూపించెను. నిరూపించు పద్ధతిని నావంటివాడును గ్రహింపగలడు. చచ్చిన గొఱ్ఱె ప్రేగులోని రసమును వడగట్టి చుంచెలుకకు ఎక్కింతురు, అది చచ్చును. అదే రసములో డీ తెగ విషమునకు విరుగుడైన సీరమును కలిపి ఎక్కింతురు, అది బ్రతుకును. సీ తెగ విరుగుడు కలిపినచో బ్రతుకదు. మా లెక్కలలో చెల్లుచీటిని పద్దుతో సరిచూచుట వంటిది.

మఱి ఏడాది పొడుగున లోపల నుండి ఊరకున్న పురుగు ఆ వారముననే ఏల చెలరేగును? ఇది ఈ విషయములోని సొగసైన భాగము, కొంచెము నిదానింతును. గొఱ్ఱె మొదటి పొట్ట పులియబెట్టు కుండ వంటిది. ఎండుగడ్డికి అలవాటుపడిన ఆ కుండలోనికి లేతపచ్చిక గాని, రాలిన జొన్నకంకులు గాని ఒక్కమాఱుగా వచ్చిపడినచో అది తాళజాలదు. అరుగని పిండిపదార్థము పొంగి చిన్నప్రేగులోనికి జాఱును. కొలదిగా నున్న సూక్ష్మజీవులకు అది విందు. గంటలలో లెక్కకు మిక్కిలిగా పెరిగి విషమును విడుచును. చిత్రమేమనగా, విడుచునప్పుడు అది పూర్తి విషము కాదు. ఒఱలో నున్న కత్తి. మేతను జీర్ణింపజేయుటకు గొఱ్ఱె శరీరమే ఊరించు ట్రిప్సిన్ అను రసము ఆ విషపు కొసను కోసివేయును. అప్పుడు కత్తి ఒఱనుండి వెలువడును. దొంగకు ఇంటివాడే కత్తి దూసి యిచ్చినట్లు. 1930, 40 దశాబ్దములలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ మర్మమును విప్పిరి.

అట్లు పదునెక్కిన విషము ప్రేగు గోడను దాటి నెత్తురులో కలిసి, మెదడులోను మూత్రపిండములలోను సన్నని రక్తనాళములను చెఱచును. మెదడు వాచును. మెడ విఱుచుట, కాళ్లు తన్నుకొనుట అందువలన. చచ్చిన కొన్ని గంటలకు కోసి చూచినచో మూత్రపిండము గుజ్జువలె నుండును. దానినిబట్టి ఆంగ్లేయులు దీనిని గుజ్జు మూత్రపిండపు రోగమని పిలిచిరి. బలిసినదియే ఏల చచ్చునన్న ప్రశ్నకును ఇచ్చటనే జవాబు దొరకినది. మందలో ముందు నడచి అందఱికంటె ఎక్కువ మేసినదాని కడుపులోనే విందు పెద్దది.

కనుక గడ్డిలో విషము లేదు. నేను పెద్దాయనతో అన్న మాట తప్పు.

ఇక సూది సంగతి. పారిస్ నగరపు పాశ్చర్ సంస్థలో రామోన్ అను ఆయన 1920 దశాబ్దమున, మనుష్యులకు వచ్చు కంఠసర్పి విషమును ఫార్మలిన్ అను మందుతో ఊరబెట్టి, చంపు గుణము పోయి రక్షించు గుణము మాత్రము నిలుచునట్లు చేయు మార్గమును కనిపెట్టెను. చిటుక టీకాయును ఆ మార్గముననే తయారగును. అందు బ్రతికిన పురుగు లేదు. కోఱలు పీకిన పామును చూపి పిల్లవానికి పామును గుర్తింప నేర్పుట వంటిది. మన సీమ మద్రాసు రాజధానిలో నున్న కాలమున, పశువుల టీకామందులకు రాణీపేట సంస్థ పేరు వినబడుచుండెడిది. పిదప హైదరాబాదులోని పశుజీవౌషధ పరిశోధన సంస్థ చిటుక టీకాను మన జిల్లాలకు పంపినది.

సూది పామును చూపును. గుర్తుపట్టుట నేర్చుకొనవలసినది గొఱ్ఱె శరీరము. దానికి దినములు పట్టును. ఇక్కడ నా వృత్తి నాకు పనికివచ్చినది. మునుపెన్నడు టీకా ఎఱుగని జీవమునకు మొదటి సూది వేసిన రెండు వారములకు రెండవది వేయవలెను. ఆ రెండవదాని తరువాత మఱి వారము పది దినములకు గాని బలము నిలదొక్కుకొనదు. మొత్తము మూడు వారములకు పైమాట. వాన పడినది మొదలు పచ్చిక మేతకు వచ్చుటకు పది పదునైదు దినములు. పచ్చిక లేచిన పిదప వేసిన సూది పచ్చికను ఎట్లు గెలుచును? ఆ పదునొకండు జీవాలు సూది వేసినందున చావలేదు. సూది పని ప్రారంభింపక మునుపే, అప్పటికే మొదలైన రోగముతో చచ్చినవి. వానిని చంపినది నేను దాటించిన రెండు వారములు. ఈ మాట నేను పెద్దాయన యింటికి పోయి ముందే చెప్పితిని. నేడు సభలో చెప్పుచున్నాను.

కార్తెల లెక్కన, కొత్త మందకు మొదటి సూది భరణిలో, రెండవది కృత్తికలో పడవలెను. మునుపు వేసిన మందకు ఏటేట వానలకు ముందు ఒకటి వేయుదురు. సూడి గొఱ్ఱెకు ఈనుటకు నెల ముందు వేసినచో, ఆ బలము ముఱ్ఱుపాలతో పిల్లకు చేరును. పుట్టిన పిల్ల ముఱ్ఱుపాలు త్రాగకుండ పిండి పాఱబోయు అలవాటు ఎక్కడనైన నున్నచో మానవలెను. మోతాదు మొదలగునవి పశువైద్యుడు చెప్పవలసినవి, నేను చెప్పరాదు.

శాస్త్రము చదివిన తరువాత పాతకాపుల మాటలపై నాకు గౌరవము పెరిగినదే కాని తగ్గలేదు. ఆ పెద్దాయన తండ్రి, తొలకరి పచ్చికకు మందను పరగడుపున వదలనిచ్చువాడు కాడట. తెల్లవారి ఎండుమేత కొంత వేసి, మంచు ఆఱిన తరువాత తోలి, మొదటి దినములలో పచ్చికలో కొంతసేపే మేపి మఱలించెడివాడట. కారణమడిగినచో గంగమ్మ ఆన యనెడివాడు. మొదటి పొట్టను కొత్త మేతకు మెల్లగా అలవాటు చేయుమని నేటి గ్రంథములు చెప్పునది అదియే. మందలో ఒకటి రెండు చచ్చిననాడును మిగిలినవానిని వెంటనే పచ్చికనుండి తప్పించి ఎండుమేతకు మఱలించుట మేలు. రోగము పైబడిన జీవమునకు చేయగలిగినది మిక్కిలి స్వల్పము.

కోతలు ముగిసిన చేలలోను ఇదే భయము కలదు. కె.సి. కాలువ క్రింది చేలకు మన మందలు పోయి ఎరువునకై రాత్రులు కట్టబడునప్పుడు, రాలిన జొన్నకంకులపై పడి మేయును. కఱవునకు తాళలేక మందలతో నెల్లూరు సీమకు తరలిపోయిన కాటమరాజు కథను మన గొల్లలు నేటికిని పాడుదురు. అందులో తగవు పుల్లరిని గూర్చినది. లెక్కలవాడను గనుక నాకు ఆ ఘట్టము ప్రీతి. కొత్త చోట కొత్త మేత తినిన జీవాల కడుపులో నేమి జరిగెనో ఆ పాటకులు చెప్పలేదు.

ఒక హెచ్చరిక చేయక విడువరాదు. హఠాత్తుగా చచ్చిన ప్రతి జీవమును చిటుక యనుకొని కోసి పంచుకొనరాదు. దొమ్మ రోగమును ఇట్లే చంపును. ముక్కునుండియో వెనుకనుండియో గడ్డకట్టని నల్లని నెత్తురు కాఱుచున్నచో దానిపై కత్తి పెట్టరాదు. దొమ్మ మనుష్యులకును అంటును. పశువైద్యునికి కబురంపి, ఆయన చెప్పినట్లు లోతుగా పూడ్చవలెను.

ఆవులు, ఎనుములు గలవారు తమ మాట యేమని అడుగవచ్చును. చిటుక ముఖ్యముగా గొఱ్ఱెలను, కొంత మేకలను పట్టును. పెద్ద పశువుల ప్రేగులకు వేఱొక పురుగు కలదు. అది చిటుకకు సరిగా వ్యతిరేకము. 1895లో జర్మనీదేశపు డ్రెస్‌డెన్ నగరమున యోనె, ఫ్రాతింగ్‌హామ్ అనువారు దానిని ఆవు ప్రేగులో చూచిరి. దానిని యోనె పేరిట, ఆంగ్లపు ఉచ్చారణ ననుసరించి, జోనీ రోగమందురు. క్షయ పురుగునకు దాయాది. పేడ సోకిన పాలవలనను నీటివలనను చిన్నదూడకు అంటి, రెండు మొదలు ఆఱేండ్ల వఱకు లోపల దాగియుండి, పిదప జ్వరము లేని పాఱుడుగా బయటపడును. ఆవు మేత మేయుచునే యుండును, చిక్కుచునే యుండును. కొన్నింటికి దవడ క్రింద నీరు దిగును. కుదుర్చు మందు లేదు. ఆ పురుగు పరిశోధనశాలలో పెరుగుటకే నెలలు పట్టును. దానిని మొదట పెంచినది ఇంగ్లండున ట్వర్టు అను ఆయన, 1910 ప్రాంతమున. మన దేశమున మథుర జిల్లా మఖ్దూమ్‌లోని మేకల పరిశోధన సంస్థవారు దీనిపై చాలకాలము కృషి చేసి, దేశమునందే దొరకిన పురుగుతో టీకా రూపొందించిరి. ఒక పురుగు చిటుకలో చంపును. ఒకటి అఱు సంవత్సరములు అప్పు పెంచి వడ్డీతో వసూలు చేయును. దూడలను పెద్ద పశువుల పేడకు దూరముగా నుంచుటయే మనము వెంటనే చేయదగినది.

కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును వయోజనవిద్యను జంటగా చూచినవారు. చదువు రానివానికిని గ్రంథాలయముతో పని యుండవలెనను వారి తలంపు నన్ను చాలకాలము నొప్పించినది. ఈ యిరువదియైదేండ్లలో మన మందల వారిలో ఎందఱు ఈ గడప త్రొక్కిరి? పురాణము విని పోయినవారే కాని, తమ పనికి ఒక పుస్తకము తెఱచినవారు లేరు. తప్పు వారిది కాదు. అట్టి పుస్తకము మనము పెట్టలేదు.

కార్యవర్గమువారి అనుమతితో ఈ నెల ఒకటి పెట్టినాను. వార్తాపత్రికల బల్ల మీద ఎఱ్ఱ అట్ట గల దస్తరము అదియే. మంద పుస్తకమని పేరు. మంద యజమాని పేరు, జీవాల సంఖ్య, మొదటి సూది, రెండవ సూది, వాన పడిన దినము, వాన తరువాత పోయినవి యెన్ని, ఆఱు గడులు. వ్రాయలేనివారికి నేను గాని గ్రంథపాలకుడు గాని వ్రాసి పెట్టుదుము. చివరి గడిలో అబద్ధము చెప్పవలదు; ఎక్కువ పోయినంత మాత్రమున ఎవరును నవ్వరు. చాటింపు దినము ఇకమీదట నా యిష్టముపై నుండదు. తిరునాళ్ల యున్నను లేకున్నను భరణి కార్తె మొదటి వారమని కార్యవర్గము తీర్మానించినది.

మొదటి పుటలో మొదటి పేరు ఆ పెద్దాయనది. పుస్తకము చేతబట్టుకొని నేనే వారి దొడ్డికి పోయితిని. తప్పు నాదని చెప్పినప్పుడు ఆయన చాలసేపు మందవైపు చూచి, "పోయినవి పోయినాయి సామీ. ఈతూరి సాటింపు ముందే ఏపిచ్చు" అనెను. డెబ్బదిరెండు జీవాలు వ్రాయించెను. తక్కిన గడులు ఇంకను ఖాళీగా నున్నవి. సభ ముగిసిన తరువాత బల్ల యొద్ద కూర్చుండెదను. మందలున్నవారు వచ్చి వ్రాయించుకొనవచ్చును.